పూసల పళ్లెం – పసివ్రేళ్లు

మనిషికి మాట ఎంత గొప్ప వరమో చేయి కూడ అంత గొప్ప వరం. మాటను గురించి మన సాహిత్యంలో ఎంతో చర్చ జరిగింది, వ్యాకరణాలు వెలిశాయి, అలంకారశాస్త్రాలు పుట్టాయి. కాని ఆ మాటను కాగితంమీద నిలిపే చేతిని గురించి, ఆ చేతి అయిదువ్రేళ్లకు శిక్షణ ఎక్కడ, ఎప్పుడు, ఎవరివల్ల లభిస్తుందన్న విషయాన్ని గురించి మనం అంతగా ఆలోచించినట్లు కనిపించదు. బిడ్డ బడిలో చేరిన మొదటిరోజే చేతికి పలకనో పెన్సిలునో అందిస్తాం. అక్షరం వంకర తిరిగితే కోప్పడతాం. ఆ వ్రేళ్లు పెన్సిలు పట్టడానికి సిద్ధంగా ఉన్నాయా అని ముందుగా అడిగేవారు అరుదు. పసివ్రేళ్లను ఆ పనికి సిద్ధపరచడానికి మన ఇళ్లలోనే, మన బజార్లలోనే దొరికే ఒక చిన్న సాధనాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ సాధనం పూస.

మాది హైదరాబాదు పాతబస్తీ. చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారుకు మా ఇంటినుండి కాలినడకన పది నిమిషాలు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వింటూ పెరిగినదాన్ని. పూసలు మా ఇంట ఆభరణాలుగా కాక జీవనాధారంగా ప్రవేశించాయి. మా నానీ, అమ్మీ పగలంతా కార్చోబ్ చట్రం ముందు కూర్చుండి దుపట్టాలకు, పెళ్లి దుస్తులకు పూసలు కుట్టేవారు. పోత్ అంటే సన్నని గాజుపూస, నల్కీ అంటే గొట్టపుపూస, చమ్కీ అంటే తళుకుబిళ్ల. అలిఫ్, బే అన్న అక్షరాలకంటె ముందే నేను ఈ మాటలు నేర్చుకొన్నాను. మా ప్రక్కింటి పిన్నిగారి మెడలో నల్లపూసలు ఉండేవి. మా నానీ మెడలో కాలీ పోత్ లచ్చా ఉండేది. రెండూ నల్లని పూసలే. రెండూ సుమంగళి గుర్తులే. పేర్లు వేరైనా రెండిళ్లకూ ఆ పూసలు వచ్చిన దుకాణాల వరుస ఒక్కటే.

పూస మానవజాతికి కొత్త వస్తువు కాదు. సింధులోయ పట్టణాలలో ఎర్రని రాతిపూసలు చేసే పనివారుండేవారు. మనకు దగ్గరలోనే, సంగారెడ్డి జిల్లా కొండాపూర్ దిబ్బలలో జరిగిన తవ్వకాలలో శాతవాహనుల కాలపు నాణెములతోపాటు మట్టిపూసలు, గాజుపూసలు, రంగురాళ్ల పూసలు బయటపడ్డాయి. అక్షరజ్ఞానం లేని జాతులలో సయితం పూసలు గ్రుచ్చే నేర్పు కనిపిస్తుంది. మన లంబాడీ స్త్రీల దుస్తులపై అద్దాల నడుమ మెరిసే పూసల వరుసలను చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. లెక్కపెట్టడానికి కూడ మనిషి పూసనే ఆశ్రయించాడు. తస్బీహ్‌లో తొంభైతొమ్మిదో ముప్పైమూడో పూసలు, జపమాలలో నూటయెనిమిది పూసలు వ్రేలి కొసల మధ్య కదులుతూ ఉంటే కళ్లు మూసుకొన్నవారికి కూడ లెక్క తప్పదు. చూపు చేయలేని పనిని స్పర్శ చేయగలదని మన పూర్వులు ఏ ప్రయోగశాలా లేకుండానే గ్రహించారు.

ఇక చేతి నిర్మాణాన్ని పరిశీలిద్దాం. పెద్దవారి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. శిశువు పుట్టేనాటికి అవి ఇంకా ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి మాత్రమే. తరువాతి సంవత్సరాలలో ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. చిట్టచివరిది గట్టిపడేసరికి బిడ్డకు తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య వయస్సు వస్తుంది. వ్రేళ్లను కదిలించే సన్నని కండరాలు కూడ భుజం, మోచేయి, మణికట్టు కొంత స్థిరపడిన తరువాతనే నిలకడగా పనిచేస్తాయి. అరచేతితో గిలక్కాయను పట్టుకొనే శిశువు తొమ్మిది పది నెలల వయస్సులో బొటనవ్రేలి కొసను, చూపుడువ్రేలి కొసను కలిపి నేలమీది మరమరాల గింజను ఎత్తగలుగుతుంది. తల్లి ముచ్చటపడే ఆ చిన్న పనిలో మానవ నాగరికత అంతా ఇమిడి ఉన్నది. 1937లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్డ్రే అనే వైద్యులు ప్రచురించిన పరిశోధన, శరీరంలో ఏ భాగాన్ని మెదడులో ఏ చోటు నడిపిస్తుందో చూపింది. ఆ పటంలో వీపు, నడుము వంటి పెద్ద భాగాలకు దక్కినది కొద్దిపాటి చోటు. చేతికి, ముఖ్యంగా బొటనవ్రేలికి, దక్కినది చాల పెద్ద చోటు. కాబట్టి వ్రేళ్లకు నేర్పే పని మెదడుకు నేర్పే పనే అవుతుంది.

పూస గ్రుచ్చే బిడ్డను ఒక్క నిమిషం నిదానంగా గమనించండి. ముందుగా కన్ను పూసను వెదకుతుంది. మూడువ్రేళ్లు దానిని ఎత్తుతాయి. రంధ్రం ఎటున్నదో తెలియడానికి పూసను వ్రేళ్ల మధ్యనే త్రిప్పాలి. రెండవచేతి సాయం లేకుండా ఒక వస్తువును అలా త్రిప్పడం చిన్న నైపుణ్యం కాదు. ఒక చేయి పూసను కదలకుండ పట్టుకోవాలి, రెండవ చేయి తాడు కొసను లోనికి నెట్టాలి. రెండు చేతులూ ఒకే సమయంలో రెండు వేరువేరు పనులు చేయాలి. ఆపైన తాడు కొస అవతల తొంగిచూడగానే పూసను పట్టిన చేయి దానిని వదలి, తాడును అందుకోవాలి. ఎంత బిగించి పట్టాలో, ఎప్పుడు వదలాలో బిడ్డ స్వయంగా తెలుసుకొంటుంది. గట్టిగా నొక్కితే పూస జారిపోతుంది. వదులుగా పట్టితే పడిపోతుంది. పెన్సిలు విషయంలో కూడ ఇదే సూత్రం కదా! గట్టిగా నొక్కితే ముల్లు విరుగుతుంది; వదులుగా పట్టితే గీత కనిపించదు. తేడా ఒక్కటే. పూస జారితే ఎవరూ కోప్పడరు. అక్షరం జారితే ఎర్రసిరా పడుతుంది.

ఈ రహస్యాన్ని విద్యావేత్తలు చాలకాలం క్రిందటనే గుర్తించారు. 1907లో రోము నగరంలోని ఒక పేదవాడలో బాలగృహాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరీ, వ్రాతకు ముందు చేతిని సిద్ధం చేయాలన్న సూత్రాన్ని తన పద్ధతికి పునాదిగా పెట్టుకొన్నది. చిన్న బుడిపెలున్న కొయ్య స్తంభాలను బిడ్డలు మూడువ్రేళ్లతో ఎత్తి వాటి గుంతలలో అమర్చడం ఆమె బడిలో ఆట. అదే మూడువ్రేళ్ల పట్టు తరువాత పెన్సిలుకు పనికివస్తుంది. లెక్కలు నేర్పడానికి ఆమె వాడినవి బంగారురంగు పూసలు. ఒక పూస ఒకటి. పదిపూసల కడ్డీ పది. పదికడ్డీల పలక వంద. పదిపలకల ఘనం వేయి. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మనదేశంలోనే ఉండి, వందలమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. కాబట్టి పూసలతో చదువు చెప్పడం విదేశాలలో ఎక్కడో జరిగే వింతగా భావించనవసరం లేదు.

మన పెద్దల ఆచారాలలో కూడ బిడ్డ చేతిపట్ల కొంత దయ కనిపిస్తుంది. మా ఇళ్లలో బిస్మిల్లా వేడుకను బిడ్డకు నాలుగేళ్ల, నాలుగు నెలల, నాలుగు రోజుల వయస్సులో జరపడం ఆనవాయితీ. తెలుగువారి అక్షరాభ్యాసంలో పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వ్రేలు పట్టి దిద్దిస్తారు. నాటి వీధిబడులలో ఇసుకమీద వ్రేలితోనే ఓనమాలు దిద్దేవారు. ఇసుక వ్రేలిని నొప్పించదు, తప్పును దాచిపెట్టుకోదు, అరచేత తుడిస్తే మళ్లీ కొత్తది. నేడు మూడేళ్లు నిండీనిండని బిడ్డకు నాలుగుగీతల పుస్తకం ఇచ్చి, ఆ గీతల మధ్యనే అక్షరం నిలపాలంటున్నాం. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవరకు గల దశను పునాదిదశగా పేర్కొని, ఆ దశలో చదువు ఆటపాటలద్వారా సాగాలని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో ఆ వయస్సు పిల్లలకోసం ఆటవస్తువుల పెట్టెను కూడ కేంద్రప్రభుత్వం విడుదల చేసింది. విధానం మంచిదే. అది మా సందులోని తరగతిగదికి చేరడానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో అన్నదే సందేహం.

ఈ మాట ఊరకనే అనడం లేదు. మా ఆపా కుమారుని నాలుగేళ్ల వయస్సులో సమీపంలోని ఒక బడిలో వేశారు. మూడు నెలలు గడవకముందే పుస్తకంనిండ ఎర్రగీతలు వచ్చాయి. పెన్సిలును పిడికిలితో పట్టుకొని, కాగితం చిరిగేదాక నొక్కేవాడు. అరపేజీ వ్రాసేసరికి చేయి విదిలించుకొని ఏడ్చేవాడు. "మీ బాబుకు చదువు ఎక్కదు" అని బడివారు మా ఆపాకు చెప్పి పంపారు. ఆమె ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి కంటతడి పెట్టుకొన్నది. నానీ మాత్రం మనుమరాలితో వాదించలేదు. వాడిని దగ్గరకు పిలిచి, "ఏదీ బేటా, చొక్కా గుండీ పెట్టుకో, చూద్దాం" అన్నది. వాడు రెండుచేతులతో పెనుగులాడి విడిచిపెట్టాడు. "చదువు ఎక్కకపోవడం కాదు తల్లీ, వ్రేళ్లు ఇంకా మేలుకోలేదు" అన్నది నానీ. అక్షరం ముక్క చదువుకోని మా నానీ, అరవైయేండ్లు సూదితో జీవించిన మనిషి, బడివారు చూడనిదానిని అలా ఒక్క గుండీతో చూడగలిగింది.

మరునాటినుండి సాయంత్రం అస్ర్ నమాజు తరువాత ఒక పెద్ద ఇత్తడిపళ్లెంలో పాతతువ్వాలు పరచి, అందులో రంగురంగుల కొయ్యపూసలు పోసేది. బూటులేసు కొసను కరిగిన మైనంలో ముంచి గట్టిపరచి వాడి చేతికిచ్చేది. ఎన్ని గ్రుచ్చాలో చెప్పేది కాదు. వాడు మూడుపూసలు గ్రుచ్చి లేచిపోతే మూడే. ముప్పై గ్రుచ్చితే ముప్పై. ఒక నియమం మాత్రం ఉండేది. ఆట ముగియగానే దండను విప్పి, పూసలన్నీ మళ్లీ పళ్లెంలో పోయాలి. అంత శ్రమపడి గ్రుచ్చినదానిని ఎందుకు విప్పించడమని నేను అడిగాను. "రేపు మళ్లీ గ్రుచ్చడానికి" అన్నది నానీ. ఆ సమాధానంలోని లోతు నాకు రెండేళ్ల తరువాత తెలిసింది. దానిని ముందు చెబుతాను.

ఏడెనిమిది నెలలలో వాడు తన గుండీలు తాను పెట్టుకోసాగాడు. మెతుకు క్రిందపడకుండ అన్నం తినసాగాడు. పెన్సిలు పిడికిలినుండి మూడువ్రేళ్లలోకి దిగింది. ఇదంతా పూసల మహిమ అని చెప్పడం సత్యానికి దూరం. ఆ ఎనిమిది నెలలలో వయస్సు కూడ తన పని తాను చేసింది. అక్షరాలు వ్రాయడం అక్షరాలు వ్రాయడంవల్లనే వస్తుంది తప్ప కేవలం పూసలవల్ల రాదు. కాని ఆ వ్రాతకు కూర్చోవడానికి కావలసిన ఓపికను, తన చేయి తనమాట వింటుందన్న ధైర్యాన్ని వాడికి పళ్లెం ఇచ్చింది. అయిదేళ్లు నిండినా వ్రేళ్ల పట్టు ఏ మాత్రం కుదరని బిడ్డ విషయంలో ఇంటివైద్యంతో కాలం గడపరాదు. వైద్యునికి చూపాలి. సికిందరాబాదులోని మనోవికాసనగర్‌లో 1984లో స్థాపించిన జాతీయసంస్థవంటి చోట్ల ఇటువంటి బిడ్డలను పరీక్షించి, తగిన శిక్షణ ఇచ్చేవారున్నారు.

ఈ పద్ధతిని ఆచరించదలచినవారికి కొన్ని సూచనలు. మూడేళ్లలోపు బిడ్డకు పూసలు ఇవ్వనే రాదు. చేతికందినది నోటికందే వయస్సది. పదిరూపాయల నాణెంకంటె బాగా పెద్దదిగా లేని ఏ వస్తువైనా వారి గొంతుకు అడ్డుపడగలదు. వారికి నిలువుగా పాతిన ఒక పుల్లకు పెద్దగాజులు తొడిగే ఆట చాలు. అవి పగిలే గాజులు కాక, లోహపు గాజులో ప్లాస్టిక్ గాజులో కావాలి. మూడు, నాలుగేళ్ల వయస్సులో పెద్దరంధ్రం గల రెండు, రెండున్నర సెంటీమీటర్ల కొయ్యపూసలు, గట్టికొస గల తాడు ఇవ్వవచ్చు. ఇక్కడ కూడ పెద్దవారొకరు ప్రక్కన కూర్చుండి తీరాలి. నాలుగు, అయిదేళ్లకు ఒక సెంటీమీటరు పూసలు. ఒక ఎరుపు, రెండు తెలుపు అన్న వరుసలు. అయిదు, ఆరేళ్లకు చూపిన వరుసను చూచి గ్రుచ్చడం, పదేసి లెక్కించడం. ఆ తరువాతనే మొండిసూది, చిన్నపూసలు. రెండు మిల్లీమీటర్ల సన్నపోత్ పదేళ్లు దాటినవారికి, అది కూడ మంచి వెలుతురులో, అరగంటకు మించకుండ.

పూసల పళ్లాన్ని ఒకరోజు కుడివైపున, ఒకరోజు ఎడమవైపున పెట్టాలి. చేయి శరీరం నడిమిగీతను దాటి ఆవలివైపు వస్తువును అందుకోవడం కూడ ఒక అభ్యాసమే. ఎడమచేతివాటం గల బిడ్డను కుడిచేతికి మార్చడానికి ప్రయత్నించరాదు. పది, పదిహేను నిమిషాలకంటె ఎక్కువసేపు కూర్చోబెట్టరాదు. విసుగు వచ్చేలోపల ఆట ముగిస్తేనే మరునాడు బిడ్డ తానుగా పళ్లెం అడుగుతుంది.

పూసలకు డబ్బు పెట్టవలసిన అవసరం కూడ లేదు. పాత వార్తాపత్రికలను పొడుగాటి ముక్కలుగా కత్తిరించి, మైదా జిగురుతో పుల్లకు చుట్టి ఆరబెడితే కాగితపు పూసలు తయారవుతాయి. చెరువుమట్టిని ఉండలుచేసి, పుల్లతో పొడిచి, నీడలో ఆరబెడితే మట్టిపూసలు. ఆ ఉండలు చేయడం కూడ వ్రేళ్లకు పనే. పొగడచెట్టు క్రింద తెల్లవారుజామున రాలిన పూలకు రంధ్రం పుట్టుకతోనే ఉంటుంది. వాటికి సూదితో పని లేదు. కొనదలచినవారు అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డునున్న ఏటికొప్పాకవంటి చోట అంకుడుకర్రతో చేసి, మొక్కలనుండి తీసిన రంగులు కలిపిన లక్కతో మెరుగుపెట్టిన వస్తువులను ఎంచుకోవచ్చు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. రంగు పెచ్చులుగా ఊడే చౌకపూసలు మాత్రం వద్దు. అట్టి రంగులలో సీసం ఉండే ప్రమాదం ఉన్నది.

మరొక హెచ్చరిక. "గురివిందగింజ తన క్రింది నలుపు ఎరుగదు" అన్న సామెత మనందరికీ తెలుసు. ఆ ఎర్రని గింజలో విషం ఉన్నదన్న సంగతి అందరికీ తెలియదు. గట్టిపెంకు పగిలినా, రంధ్రం చేసినా, నమిలినా లోపలి విషం ప్రాణాంతకం కాగలదు. పల్లెలలో పిల్లలు గురివిందగింజలతో దండలు గ్రుచ్చే అలవాటును మాన్పించాలి. పచ్చగన్నేరు గింజలు కూడ అటువంటివే. ఇక నేడు బజారులో నీటిలో వేస్తే ఎన్నోరెట్లు ఉబ్బే మెత్తని రంగుపూసలు, ఒకదానికొకటి అంటుకొనే అయస్కాంతపు పూసలు అమ్ముతున్నారు. వీటిని మింగిన బిడ్డ పేగులకు తీరని హాని జరుగుతుంది. చిన్నపిల్లలున్న ఇంట వీటికి చోటు ఉండరాదు.

ఇంతవరకు చెప్పినది పూసయొక్క ఒక ముఖం. రెండవ ముఖం చెప్పకపోతే ఈ వ్యాసం అర్ధసత్యం అవుతుంది. మా ఆపా కుమారునికి ఆరేళ్లు నిండేసరికి చేయి బాగా తిరిగింది. నానీ ప్రక్కన కూర్చుండి సన్నని పూసలను సయితం చులాగ్గా ఎత్తేవాడు. వారంవారం పూసలు తూచి ఇచ్చి, కుట్టిన దుపట్టాలు తీసుకొనిపోయే కార్ఖానా మనిషి ఒకనాడు వాడిని చూచాడు. "ఖాలా, ఈ బాబు చేయి చాల సన్నం. సాయంత్రాలు ఒక గంట నల్కీ ఎక్కించమనండి. వాడి పేరున వేరే లెక్క వ్రాస్తాను" అన్నాడు. అతడు చెడ్డవాడు కాడు. ఆ మాటలో దురుద్దేశం కూడ లేదు. అతని దృష్టిలో అది మెప్పు. నానీ పళ్లెం వంక చూపి, "వీడు గ్రుచ్చే దండ చీకటిపడేలోపల మళ్లీ ఈ పళ్లెంలోకే పోతుంది బేటా, నీవు లెక్క వ్రాయడానికి అందులో ఏమీ మిగలదు" అన్నది. దండను రోజూ ఎందుకు విప్పించేదో నాకు ఆనాడు తెలిసింది. విప్పిన దండకు ధర లేదు. ధర లేనిదానికి గడువు లేదు. గడువు లేనిచోట బిడ్డ చేయి బిడ్డదిగానే ఉంటుంది.

ఐతే ఆ సమాధానం చెప్పగల స్థితి మా ఇంటికి అప్పటికి కలిగింది. అన్నయ్య ఉద్యోగంలో చేరాడు. అమ్మీ సంపాదన మీదనే పొయ్యి వెలగవలసిన రోజులు గడిచాయి. మా వీధిలోనే మరొక ఇంట తొమ్మిదేళ్ల బాలిక, తండ్రి లేని పిల్ల, గాజులకు రాళ్లు అతికిస్తున్నది. ఆమె వ్రేళ్ల వేగం చూచి పెద్దవారు ఆశ్చర్యపడతారు. డజనుకు ఇంత అని లెక్క. జిగురు ఆరకముందే రాయి కూర్చోవాలి. కనుక తల ఎత్తడానికి వీలులేదు. రాత్రులు కళ్లు నీరు కారుతాయి. వారానికి మూడురోజులు మాత్రమే బడికి పోతుంది. మా అబ్బాయి వ్రేళ్లకూ ఆమె వ్రేళ్లకూ నైపుణ్యంలో భేదం లేదు. పైగా ఆమెదే పైచేయి. కాని ఆ నైపుణ్యం అతనికి పుస్తకం తెరిచింది. ఆమెకు పుస్తకం మూసింది. ఆమె తల్లికి నీతులు చెప్పడానికి మాకు నోరు రాలేదు. మా అమ్మీ ఒకటిరెండుసార్లు "వదినా, పిల్లను బడి మాన్పించకు" అన్నది. "బియ్యం ఎవరు తెస్తారు వదినా?" అన్న ప్రశ్నకు అమ్మీవద్ద జవాబు లేదు.

2015 జనవరిలో మన పాతబస్తీలోని గాజుల కార్ఖానాలనుండి రెండువందలకు పైగా బాలలను పోలీసులు విడిపించారు. వారిలో అత్యధికులు బీహారునుండి తీసుకొనిరాబడినవారు. ఆ వార్త దేశమంతటా వ్యాపించింది. కార్ఖానాలో దాగిన బాలలను పోలీసులు వెదకగలరు. ఇంటి గడపలోపల, తల్లి ప్రక్కనే కూర్చున్న బాలను ఎవరు వెదకగలరు? 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్లలోపువారిని ఏ పనిలోనూ పెట్టరాదని శాసించారు. కాని బడివేళలు ముగిసినతరువాత, సెలవులలో, ప్రమాదకరం కాని కుటుంబవృత్తిలో తోడ్పడవచ్చునని ఒక మినహాయింపు ఉంచారు. తండ్రి కుండచేస్తూ ఉంటే కొడుకు మట్టితొక్కడం వేరు. కార్ఖానావారు లెక్కకట్టి పంపిన గాజుల మూట ఇంట్లోకి వచ్చినంతమాత్రాన అది కుటుంబవృత్తి కాజాలదు. చట్టం ఈ రెంటినీ విడదీయగలదేమో గాని, ఆకలి విడదీయనివ్వదు.

ఈ ప్రమాదాన్ని ముందుగానే గుర్తించిన మహనీయుడొకరున్నారు. ఆయన మన హైదరాబాదులో 1897లో జన్మించి, తరువాత భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుసేన్. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలికవిద్యకు రూపమివ్వడానికి ఏర్పడిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. చేతివృత్తిని చదువుకు కేంద్రంగా నిలపాలన్నది ఆ సంఘం ఆశయం. కాని ఆర్థికప్రయోజనం ముందుకు వచ్చి విద్యాలక్ష్యాన్ని వెనుకకు నెట్టివేసే ప్రమాదమున్నదని ఆ నివేదికే హెచ్చరించింది. చేతిపనిని ప్రేమించినవారే దాని హద్దును కూడ ఎరిగి ఉండాలి. మా నానీ ఆ నివేదికను చదవలేదు, దాని పేరైనా వినలేదు. దండను విప్పి పళ్లెంలో పోయించిననాడు ఆమె ఆ హద్దునే గీసింది.

విద్యార్థి మిత్రులకు, కళాశాల పాలకవర్గపు పెద్దలకు నాదొక మనవి. మన కళాశాల చుట్టుప్రక్కల బస్తీలలో అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. జాతీయ సేవాపథకం విద్యార్థులు ఏటా మొక్కలు నాటుతున్నారు, వీధులు ఊడుస్తున్నారు, మంచిదే. దానితోపాటు ఒక్కొక్క కేంద్రానికి నాలుగు పళ్లేలు, నాలుగు తువ్వాళ్లు, మన చేతులతో చుట్టిన కాగితపు పూసలు ఇవ్వగలమా? వారానికి రెండు సాయంత్రాలు ఇద్దరేసి విద్యార్థులం అక్కడ కూర్చుండగలమా? దీనికి కావలసిన ధనం స్వల్పం, కావలసినది ఓపిక. అంతకంటె కష్టమైన పని మరొకటి ఉన్నది. రాళ్లు అతికించే ఆ బాలికవంటివారి ఇళ్లలో తల్లికి గిట్టుబాటు కూలి దొరికేటట్లు, ఆ కుటుంబానికి రావలసిన పింఛను, బడినుండి రావలసిన ఉపకారవేతనం అందేటట్లు దరఖాస్తులు వ్రాసిపెట్టగలమా? తల్లి కూలి పెరగనిదే కూతురు చేతికి విశ్రాంతి లేదు. డిగ్రీ చదువుతున్న మనకు ఉర్దూ, తెలుగు రెండూ వచ్చు; కార్యాలయపు కాగితం చదవడం వచ్చు. మన వ్రేళ్లకు అక్షరం పట్టుబడింది కనుక, ఆ అక్షరాన్ని ఇప్పటికీ అందుకోలేని చేతులకోసం కొంత వ్రాయవలసిన బాధ్యత మనమీద ఉన్నది.

ఆ దరఖాస్తులలో మొదటిది ఈ నెలలోనే వ్రాశాను. ఆ తల్లి దానిమీద వ్రేలిముద్ర వేయబోతే, ప్రక్కనే నిలిచిన కూతురు "నేను వ్రాస్తానమ్మా" అని కలం అందుకొని, తల్లిపేరు తెలుగులో గుండ్రంగా వ్రాసి, దానిక్రింద వ్రేలిముద్రకు చోటు విడిచింది. చేయి వణకలేదు. దరఖాస్తుకు సమాధానం ఇంకా రావలసి ఉన్నది.